మాట తోకలు, పొట్ట మీది నోరు

నర్సింగులో కొత్తగా చేరిన పిల్లల్ని భయపెట్టేది రక్తమని అందరూ అనుకుంటారు. కాదు. వాళ్ళను భయపెట్టేది పదాలు. మూరెడు పొడుగు ఇంగ్లీషు మాటలు, ఒక్కటీ నోరు తిరగదు. పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన ఆడపిల్లలు ఆ పుస్తకం తెరిచి, మూసి, "నేను ఊరికి పోతా మేడం" అని ఏడవడం ఏటా చూసేదాన్ని.

నేను కర్నూల్లో ఒక ట్రస్టు ఆసుపత్రికి చెందిన నర్సింగ్ స్కూల్లో ట్యూటరుగా, ఆ తర్వాత అదే ట్రస్టు వాళ్ళ కడప ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఆసుపత్రి పేరు రాయను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో అంతకన్నా రాయను, అది చదివి మీరు బాగుపడేదేమీ లేదు. నేను జీవితమంతా నేర్పిన పదాల గురించి, ఆ పదాలు మాత్రమే మాట్లాడే ఆసుపత్రిలో ఒక భార్యాభర్తలకు జరిగిన దాని గురించి రాస్తాను. ఇప్పటికీ తలచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. మీకూ జలదరించాలనే రాస్తున్నాను.

తోకల పాఠం

మొదటి రోజు క్లాసులో నేను పుస్తకం తెరవనిచ్చేదాన్ని కాదు. "మాటను తల దగ్గర పట్టుకోవద్దు, తోక దగ్గర పట్టుకోండి" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. నవ్వితే సగం భయం పోయినట్టే.

వైద్యంలో మాటలు చాలావరకు గ్రీకు నుంచి వచ్చినవి. మాట మొదట్లో శరీర భాగం ఉంటుంది, చివర్లో ఆ భాగానికి ఏమైందో, మనం దానికి ఏం చేశామో ఉంటుంది. "ఐటిస్" అని ఉంటే అక్కడ వాచి మండుతున్నదని అర్థం. నిజానికి పాత గ్రీకులో ఆ తోకకు "ఫలానా దానికి చెందినది" అన్న అర్థం తప్ప మరేమీ లేదు. కీళ్ళకు చెందిన జబ్బు అని చెప్పీ చెప్పీ, జబ్బు అన్న మాట రాలిపోయి, తోకకే వాపు అర్థం వచ్చింది. "టమీ" అంటే కోత. దానికి ముందు "ఎక్" చేరితే బయటికి అని, అంటే కోసి బయటికి తీసేయడం. అపెండిసెక్టమీ అంతే. "ప్లాస్టీ" అంటే మట్టిని కుండగా మలిచినట్టు మలచడం. ప్లాస్టిక్ అన్న మాట కూడా అక్కడి నుంచే వచ్చిందంటే పిల్లలు తమ బకెట్ల వైపు ఆశ్చర్యంగా చూసేవాళ్ళు.

"ఓమా" అంటే గడ్డ. ఈ తోకను చూసి హడలిపోని వాళ్ళు లేరు. ఒకసారి ఒక పిల్ల హాస్టల్లో అన్నం మానేసి కూర్చుంది. వాళ్ళ నాన్న వీపు మీద గడ్డను లైపోమా అన్నారట, ఓమా అంటే క్యాన్సరే కదా అని దాని ఏడుపు. "లైపో అంటే కొవ్వు, మీ నాయన వీపు మీద ఉండేది కొవ్వు గడ్డ. మీ నాయనకు కొవ్వు ఎక్కువని నాకు ఫీజు కట్టేటప్పుడే తెలుసు" అన్నాను. ఏడుస్తూనే నవ్వి, రెండు ప్లేట్లు తినింది.

ఇక "స్టమీ". "స్టోమా" అంటే గ్రీకులో నోరు. లోపలి అవయవాన్ని చర్మం మీదికి తెరిచి, ఒక కొత్త నోరు పెట్టడం. ఆ నోరు ఎందుకన్నది మాట మొదట్లో ఉంటుంది. గ్యాస్ట్రాస్టమీ అంటే జీర్ణాశయానికి పెట్టిన నోరు. గొంతు దిగనివాళ్ళకు దాని గుండా ఆహారం పోస్తారు. కొలాస్టమీ అంటే పెద్దపేగుకు పెట్టిన నోరు. దాని గుండా మలం బయటికి వస్తుంది. ఒకటి లోపలికి పోయే దారి, ఇంకొకటి బయటికి వచ్చే దారి. ఈ తేడా నా విద్యార్థులకు నిద్రలో లేపి అడిగినా చెప్పడం వచ్చు. పరీక్షలో ఈ ప్రశ్నకు మార్కులు పోగొట్టుకున్న పిల్ల నాకు గుర్తు లేదు. అదే నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

పెద్ద డాక్టరు గారి రౌండ్స్

మా సర్జరీ విభాగానికి ఒక పెద్ద డాక్టరు ఉండేవారు. ఆయన చేతి గురించి అబద్ధం చెప్పను. అటువంటి కుట్టు నేను మళ్ళీ చూడలేదు. ఇక లాభం లేదని వేరేచోట పంపేసిన మనుషుల్ని ఆయన నిలబెట్టి ఇంటికి పంపారు. మనిషి డబ్బు మనిషి కూడా కాదు. కానీ ఆయన రౌండ్స్‌కు వస్తే వార్డులో తెలుగు వినపడకూడదు. మంచం దగ్గర నిలబడి జూనియర్లతో ఇంగ్లీషులో నాలుగు తోకలు మాట్లాడి, పక్క మంచానికి పోయేవారు. రోగి ఆయన పెదాల వైపు, మా పెదాల వైపు మార్చి మార్చి చూసేవాడు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను, "సార్, చివర్లో ఒక్క మాట తెలుగులో చెప్తే బాగుంటుందేమో" అని.

"చెప్తే భయపడి లేచి పోతారు సిస్టర్. లేదా వంద ప్రశ్నలు వేస్తారు. నాకు ఆపరేషన్ థియేటర్లో మనిషి పడుకోనుంటాడు. మీరు మీ తోకలు చెప్పుకోండి, నా పేషంట్లను నేను చూసుకుంటా" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే.

పెద్దాయన ఎట్లా ఉంటే కిందివాళ్ళందరూ అట్లాగే తయారవుతారు. మా సిస్టర్లు కూడా కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు పిల్లలే. ఇంటికి ఫోను చేస్తే "ఏం చేస్తాండావు మా" అనేవాళ్ళే. తెల్ల యూనిఫాం వేసుకోగానే వాళ్ళకు తెలుగు మరుపొచ్చేది. రోగి మనుషులు ఏదడిగినా ఒక ఇంగ్లీషు పేరు చెప్పి ముందుకు పోవడమే.

మరి రోగి మనుషులకు పని ఎవరు నేర్పుతారు? ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు, వినండి. పక్క మంచం వాళ్ళు నేర్పుతారు. వేడినీళ్ళు యాడ దొరుకుతాయి, మూత్రం సంచిని ఎట్లా వంచాలి, మందు ఎప్పుడు అడగాలి, ఏ ఆయాతో మంచిగా ఉండాలి, అన్నీ పక్క మంచం వాళ్ళే. వాళ్ళకు అంతకుముందు వచ్చినవాళ్ళు నేర్పి ఉంటారు. ఆ పద్ధతి మీదే మా వార్డు నడిచేది. మేము దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళం కూడా, మనకు పని తగ్గుతోందని.

ఆ ఉదయం చూసినది

మగవాళ్ళ సర్జరీ వార్డులో కిటికీ పక్కన రెండు మంచాలను అందరూ ఆస్టమీ బెడ్లు అనేవాళ్ళు. పొట్ట మీద నోరు పెట్టిన రోగులను, శుభ్రం చేయడానికి కుళాయి దగ్గరగా ఉంటుందని అక్కడ పడుకోబెట్టేవాళ్ళు. గ్యాస్ట్రాస్టమీ అయినా, కొలాస్టమీ అయినా, అక్కడే.

అప్పుడు కిటికీ వైపు మంచంలో ఖాదర్ సాయిబు అనే పెద్దాయన ఉండేవాడు. కర్నూలు పాతబస్తీలో దర్జీ. అన్నవాహికలో క్యాన్సరు, నీళ్ళు కూడా దిగవు. పొట్టకు గొట్టం వేశారు. ఆయన భార్య ఫాతిమా బీ పూటపూటకూ రాగిజావ పల్చగా వడగట్టి, సూది లేని పెద్ద సిరంజితో గొట్టంలో పోసేది. ఎంత ఓపికగా పోసేదంటే నేను పిల్లలకు ఆమెను చూపించి నేర్పేదాన్ని.

పక్క మంచంలోకి మద్దిలేటి వచ్చాడు. ఓర్వకల్లు దగ్గర పల్లె, రాళ్ళు కొట్టే పని. మంచి కండ పట్టిన మనిషి. కడుపు ఉబ్బి, మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో తెచ్చారు. పెద్దపేగు మెలికపడి, ఆ భాగం నల్లబడి పోయింది. పెద్ద డాక్టరు గారు ఆ ముక్క తీసేసి, పేగు పై కొసను పొట్ట ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టారు. కొలాస్టమీ. ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టింది మద్దిలేటి అన్న. అతనికి కూడా ఏం చేస్తారో తెలియదు. పెట్టమన్న చోట పెట్టాడు.

మద్దిలేటి భార్య సుంకులమ్మ. బక్కగా ఉండేది, మంచం దగ్గర నుంచి కదిలేది కాదు. ఆమె ఒక సిస్టరును అడిగింది, "మా ఇంటాయనకు ఏం చేసినారమ్మా?" అని. "కొలాస్టమీ చేసినారు. నోటికి ఏమీ ఇవ్వొద్దు" అని ఆ అమ్మాయి చెప్పి పోయింది. ఆ రెండు వాక్యాలే ఆ ఆసుపత్రి మొత్తం సుంకులమ్మతో మాట్లాడిన మాటలు. మొదటిది ఆమెకు అర్థం కాలేదు. రెండోది బాగా అర్థమైంది.

ఆ నోటి నుంచి ఇంకా మలం రావడం మొదలుకాలేదు, సంచీ కట్టలేదు. అట్లాంటి ఒక ఉదయం నేను రెండో సంవత్సరం పిల్లల్ని వెంటేసుకొని వార్డులోకి వెళ్ళాను. మద్దిలేటి మంచం చుట్టూ తెర లాగి ఉంది. డ్రెస్సింగ్ చేస్తున్నారేమో, పిల్లలకు చూపిద్దామని తెర పక్కకు జరిపాను.

సుంకులమ్మ ఒక చేత్తో సిరంజి పట్టుకొని ఉంది. దాని మూతి మద్దిలేటి పొట్ట మీది ఎర్రటి నోట్లో పెట్టి, జావ పోస్తోంది. ఇంకో చేత్తో మడతపెట్టిన గుడ్డను ఆ నోటి చుట్టూ అదిమి పెట్టింది, పోసింది బయటికి రాకుండా. పక్కన ఫాతిమా బీ జావ గ్లాసు పట్టుకొని నిలబడి, "మెల్లగ పొయ్యి బేటీ, మెల్లగ" అంటోంది. మద్దిలేటి తువ్వాలు పళ్ళ మధ్య కరుచుకొని, కళ్ళనిండా నీళ్ళతో, కదలకుండా పడుకొని ఉన్నాడు. అన్నం పెడుతున్నారని ఓర్చుకుంటున్నాడు.

"ఏం చేస్తాండావమ్మా!" అని నేను అరిచిన అరుపుకు వార్డంతా లేచి కూర్చుంది.

సుంకులమ్మ బెదిరిపోయింది. "జావ పోస్తాండా మేడం. నిన్నటి నుంచి పోస్తాండా. ఎంత పోసినా ఎనక్కే వస్తాండాది. సాయిబుకైతే సక్కగ లోపలికి పోతాది, ఈయప్పకే పోల్యా. ఏమన్నా అడ్డం పడిండాదేమో సూడండి" అంది.

"నీకు ఎవరు పొయ్యమన్నారు తల్లీ?"

"నోటికి ఇయ్యొద్దన్నారు కదా మేడం. పొట్టకు ఇయ్యొద్దని ఎవురూ చెప్పల్యా. మనిషి ఆకలికి మాడిపోతాంటే సూస్తా ఎట్ల ఉండేది?"

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పక్క మంచం ఆయన పొట్టకు నోరుంది, ఆయనకు అందులోనే పోస్తున్నారు. తన మొగుడి పొట్టకు నోరు పెట్టారు, నోటికి ఇవ్వొద్దన్నారు. ఇంకేం చేయాలి? ఆ పరిస్థితిలో చదువుకున్న మనిషి ఉన్నా అదే చేసి ఉండేది.

నా వెనక నిలబడిన పిల్లలు నోళ్ళు తెరుచుకొని చూస్తున్నారు. అందరికీ కొలాస్టమీ అంటే ఏమిటో తెలుసు, స్టోమా ఏ భాషలో మాటో తెలుసు. ముందు రోజు కూడా వాళ్ళు ఆ మంచం పక్క నుంచే నడిచారు. సుంకులమ్మతో ఒక్క ముక్క మాట్లాడాలని ఒక్కరికీ తోచలేదు. నేను నేర్పింది పరీక్ష హాలు దాటి పది అడుగులు కూడా పోలేదని ఆ క్షణంలో తెలిసింది.

పంచాయితీ

కడుపు ఉబ్బింది, జ్వరం వచ్చింది, పేగును చర్మానికి కలిపిన కుట్లు ఊడి చీము పట్టింది. మద్దిలేటిని మళ్ళీ థియేటరుకు తీసుకుపోయారు. పెద్ద డాక్టరు గారు మధ్యాహ్నం భోజనం కూడా మానుకొని నిలబడి సరిచేశారు. ప్రాణం దక్కింది. ఆ గొప్పతనం ఆయనదే.

బయటికి వచ్చాక ఆయన మొదట అడిగింది ఆ సమయంలో డ్యూటీలో ఎవరున్నారని. ఒక సిస్టరుకు మెమో ఇచ్చారు. రెండోది, ఆ ఆడమనిషి ఇక వార్డులో కనపడకూడదన్నారు. ఇకపై రోగి మనుషులు మంచాల దగ్గర ఉండకూడదని గోడకు ఒక కాగితం అంటించారు, అది కూడా ఇంగ్లీషులోనే. ఆ కాగితం ముందు నిలబడి నేను నవ్వాలో ఏడవాలో తెలియక ఊరికే చూశాను. ఇంత జరిగినా వాళ్ళతో మాట్లాడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. వాళ్ళను బయటికి పంపాలన్న ఆలోచనే వచ్చింది.

వరండాలో మద్దిలేటి అన్న సుంకులమ్మ మీద చెయ్యెత్తాడు. "నా తమ్మున్ని సంపనీకే వచ్చినావు కదా నువ్వు! ఊర్లో నీ మొగం ఎట్ల సూపిస్తావో సూస్తా" అని కేకలు. ఫాతిమా బీ మధ్యలోకి వచ్చి, "తప్పు నాది కూడా ఉండాది, నన్ను కొట్టు" అని అడ్డం నిలబడకపోతే కొట్టేవాడే.

ఆ సాయంత్రం నేను సుంకులమ్మ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమె గోడకు తల ఆనించుకొని ఉంది. పేగు ఎట్లా ఉంటుందో, ఎందుకు మెలికపడిందో, ఆ ముక్క ఎందుకు తీసేశారో చెప్పాను. "అది తినే నోరు కాదమ్మా. తిన్నది అరిగినాక బయటికి వచ్చే దారి" అన్నాను.

ఆమెకు మెల్లగా అర్థమైంది. అర్థమవుతున్న కొద్దీ ఆమె మొహం మారిపోవడం నేను చూడలేకపోయాను.

"అంటే... దొడ్డికి పోయే దారా మేడం?"

"అవును తల్లీ."

"అయ్యో దేవుడా! ఆడ బువ్వ పెడ్తినా నేను? నా చేతుల్తో?" అని రెండు చేతులూ నేలకేసి కొట్టుకుంది. "ఇంగ ఆయప్పను నేను ముట్టను మేడం. నన్ను ముట్టుకోమని చెప్పొద్దండి."

ముట్టకపోతే మద్దిలేటి గతి ఏమిటి? పొట్ట మీది నోటిని రోజూ కడగాలి, సంచి మార్చాలి, చుట్టూ తోలు చెడకుండా చూసుకోవాలి. అన్న చేస్తాడా? అతను సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. నేను పెద్ద డాక్టరు గారి మాట పక్కన పెట్టి, మర్నాడు సుంకులమ్మను చెయ్యి పట్టుకొని వార్డులోకి తీసుకుపోయాను. మద్దిలేటి ఆమెను చూసి, "రామ్మే. నువ్వు కాకపోతే ఇంగెవురు కడుగుతారు?" అన్నాడు. ఆమె ఏడుస్తూనే కడిగింది. తర్వాత బాగానే నేర్చుకుంది.

ఆ వారంలోనే నన్ను కడపకు మార్చారు. వార్డు పనిలో తలదూర్చిందని పెద్ద డాక్టరు గారు ట్రస్టుకు చెప్పారని విన్నాను. అంతకంటే ఎక్కువ నాకు తెలియదు. మద్దిలేటి కోలుకొని ఇంటికి వెళ్ళాడని మాత్రం ఫోనులో తెలిసింది. కథ సుఖంగా ముగిసిందనుకొని, కడపలో ఏటా కొత్త పిల్లలకు దాన్ని చెప్పేదాన్ని. వాళ్ళు అదిరిపోయేవాళ్ళు. నాకు తృప్తిగా ఉండేది.

కొట్టంలో మనిషి

రిటైరయ్యాక కర్నూలులో స్థిరపడ్డాను. మా చర్చి ఆడవాళ్ళం కొందరం కలిసి పల్లెలకు వెళ్ళి బీపీ, షుగరు చూసి వస్తుంటాం. ఒకసారి ఓర్వకల్లు అవతల ఒక పల్లెకు వెళ్ళాం. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒకామె నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. జుట్టు నెరిసిపోయింది. నేనే ఆనవాలు పట్టలేదు.

"మేడం, నేను సుంకులమ్మ. జావ పోసినాను చూడండి, ఆ సుంకులమ్మ" అంది. తనను తాను అట్లా గుర్తుచేసుకుంది.

"మద్దిలేటి ఎట్లున్నాడమ్మా?"

"ఉండాడు మేడం. అట్లే ఉండాడు."

"అట్లే అంటే?"

ఆమె లేచి నడిచింది. నేను వెంట నడిచాను. ఇంటి వెనక, గడ్డివామి పక్కన బోదగడ్డి కప్పిన ఒక కొట్టం. అందులో నులక మంచం మీద మద్దిలేటి కూర్చొని ఉన్నాడు. ఆ కండంతా ఎక్కడికి పోయిందో, ఎముకల గూడు మిగిలింది. నన్ను చూసి లేవబోయి, ఆగి, పొట్టకు అడ్డంగా దుప్పటి లాక్కున్నాడు.

దుప్పటి కింద ఆ నోరు అట్లాగే ఉంది. దాని మీద సరుకుల ప్లాస్టిక్ కవరు, దాని మీద పాత చీర గుడ్డ కట్టి ఉన్నాయి. నేను చూస్తున్నది నమ్మలేకపోయాను. అది తాత్కాలికంగా పెట్టిన నోరు. కడుపులో పుండు మానాక, రెండు మూడు నెలలకు మూసేయాల్సింది.

"ఇది ఇంకా మూయించుకోలేదా మద్దిలేటీ?"

అతను నావైపు వింతగా చూశాడు. "మూసేదా? ఇది మూస్తారా మేడం?"

ఆ సాయంత్రం సుంకులమ్మకు అన్నీ చెప్పిన నేను కూడా ఈ ఒక్క మాట చెప్పలేదు. ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పారని అడిగాను.

"మూడు నెల్లకు రివ్యూకు రమ్మన్నారు" అంది సుంకులమ్మ. "రివ్యూ అంటే సూసి పంపిస్తారంట కదా. నొప్పి లేదు, జరం లేదు. బాగుండే మనిషిని సూపిచ్చేదానికి అంత దూరం ఎందుకు అనుకొంటిమి. నేను చేసిన పనికి మల్లా ఆ సారు కంట పడాలంటే భయం కూడా."

అన్నీ ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. వాసన వస్తుందని రాళ్ళ పనికి పిలవడం మానేశారు. బస్సెక్కడు. తక్కువ తింటే తక్కువ వస్తుందని రోజుకు ఒక్క పూటే తింటాడు. ఇంట్లో అందరితో పడుకోలేక కొట్టంలోకి మారాడు. ప్రతి ఏడూ అహోబిలం పోయే మనిషి, "దేవుని కాడికి ఈ కంపుతో యాడ పోతా మేడం" అన్నాడు. సొంత కూతురి పెళ్ళి ఇంటి ముందర జరుగుతుంటే, ఈ కొట్టంలోనే కూర్చొని మేళం విన్నాడట. పిల్ల, పిలగాడు వచ్చి ఇక్కడే కాళ్ళకు మొక్కి పోయారట. ఇదంతా అతను మామూలుగా చెప్పాడు. తన రాత అనుకున్నాడు. సుంకులమ్మ మాత్రం అది తన పాపం అనుకుంది. ఆ రోజు తాను జావ పోయడం వల్లే ఆ నోరు పొట్ట మీద అట్లా ఉండిపోయిందని ఇన్నేళ్ళూ నమ్మింది.

"అది నీ వల్ల కాదు సుంకులమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఒక మనిషి సగం జీవితం ఒక కొట్టంలో గడిచిపోయింది, ఏ జబ్బూ లేకుండా.

తెలుగులో చెప్పమంది

మద్దిలేటికి ఆపరేషన్ జరిగింది, బాగా జరిగింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మీరు దాని కోసం ఎదురుచూడకుండా. ఇప్పుడు అతను బస్సెక్కుతున్నాడు. నేను చెప్పదలచింది ఆపరేషన్‌కు ముందు రోజు జరిగినది.

కర్నూల్లోనే వేరే ఆసుపత్రిలో నవీన్ అని ఒక కుర్ర సర్జను ఉన్నాడు. కమలాపురం వైపు పిల్లవాడు, మంచి పేరుంది. వాళ్ళిద్దరినీ అతని దగ్గరికి తీసుకుపోయాను. పరీక్షలన్నీ చేయించి, స్కాన్ చూసి, "ఫిట్ ఉన్నాడు మేడం. కొలాస్టమీ క్లోజర్ పెట్టుకుందాం, అనాస్టమోసిస్ చేసేద్దాం" అని నాతో అన్నాడు. నాతోనే అన్నాడు. వాళ్ళిద్దరూ అతని ఎదురుగానే కూర్చొని ఉన్నారు. ఎంత మంచి పిల్లవాడో, అయినా అదే అలవాటు. సిస్టరు సంతకానికి కాగితం సుంకులమ్మ ముందు పెట్టింది.

సుంకులమ్మ పెన్ను పట్టుకోలేదు. "సారూ, ఏం చేస్తారో తెలుగులో చెప్పండి. అప్పుడు పెడ్తా" అంది.

నవీన్ నోరు తెరిచి, ఆగిపోయాడు. నావైపు చూశాడు, నేను చెప్పేస్తానని. నాకు చెప్పడం వచ్చు. చెప్పలేదు. "నువ్వే చెప్పు నాయనా. కోసేది నువ్వు కదా" అన్నాను.

అతను తడుముకున్నాడు. తన చొక్కా మీదే వేలితో గీసి చూపించాడు. "మీ ఆయనకు పేగు మెలికపడి కుళ్ళిపోయిందమ్మా. ఆ ముక్క తీసేసినారు. అప్పుడే రెండు కొసలూ కలిపి కుడితే ఊడిపోతుందని, పై కొసను పొట్ట మీద పెట్టినారు, లోపల మానేదాకా. కింది కొస లోపలే ఉంది. రేపు ఆ రెండు కొసలూ కలిపి కుట్టేస్తా. పైన మూసేస్తా. మళ్ళీ అందరి మాదిరే దొడ్డికి పోతాడు."

"దీన్ని ఎప్పుడు మూయాల్సింది సారూ?"

నవీన్ చొక్కా మీది వేలు తీసేశాడు. "రెండు మూడు నెల్లకు."

"నేను జావ పోసినానని కాదా, ఇన్నేండ్లు ఇట్ల ఉన్నింది?"

"కాదమ్మా. దానికీ దీనికీ సంబంధమే లేదు."

మద్దిలేటి తల వంచుకొని తన పొట్ట వైపు చూసుకుంటున్నాడు. సుంకులమ్మ సంతకం పెట్టింది. పెన్ను బల్ల మీద పెట్టి, తల ఎత్తి, డాక్టరును అడిగింది.

"ఇంతేనా సారూ?"

"ఇంతేనమ్మా."

"ఈ మాత్రం చెప్పేదానికి అప్పుడు ఎవురికీ తీరల్యా సారూ?"